బూడిదలో చల్లారిన కమాన్ పట్టీ

నేను ఒక కమాన్ పట్టీని. పాడేరులో పోలినాయుడి వ్యానుకి, వెనక ఎడమచక్రం మీద ఉన్న ఉక్కు పట్టీల కట్టలో అన్నిటికంటే పొడుగుదాన్ని. బరువు మోసేదీ నేనే, ఇరుసును దాని చోట పట్టి ఉంచేదీ నేనే. నేను తెగితే చక్రం దారి తప్పుతుంది. ఆ వ్యాను రోజూ దిగేది ఘాటు రోడ్డు. ఇక మీరే ఊహించుకోండి.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. తుక్కు కరిగించి పోశారు. పాత ఇనుముతోపాటు తగరం పూసిన డబ్బాలు, ఏవేవో చెత్తాచెదారం కూడా కొలిమిలో పడ్డాయి. ఉక్కంటే ఏమిటనుకున్నారు? సన్నని రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటమే. తగరం, భాస్వరం లాంటివి చిటికెడున్నా చాలు, సరిగ్గా ఆ పట్టు దగ్గరికే చేరి దాన్ని సడలిస్తాయి. పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటాం.

అయినా కొన్నేళ్లు బాగానే మోశాను. కుంగిపోయాక పోలినాయుడు నన్నూ, కుడిచక్రం మీది నా జోడునూ కమ్మరి సన్యాసాచారి దగ్గరికి తెచ్చాడు. ఆచారి మమ్మల్ని ఎర్రగా కాల్చి, వంపు తీర్చి, నూనెలో ముంచి, మళ్లీ కాస్త వేడిచేశాడు. అప్పుడు గాలికి వదిలేసి ఉంటే బతికిపోయేదాన్ని. ఆయనకు ఉక్కంటే మహా ముద్దు కదా! వేడి బూడిదలో కప్పిపెట్టాడు.

"నిదానంగా సల్లారనీ నాయుడూ. తొందరపెడితే ఉక్కు బెదిరిపోద్ది," అన్నాడు.

శుభ్రమైన ఉక్కుకి ఆ గారాబం వల్ల నష్టం లేదు. నా కొంప మాత్రం ముంచింది. ఆ వేడిలో భాస్వరమంతా తీరిగ్గా రేణువుల మధ్యకు చేరింది. మర్నాడు ఆచారి ఆకురాయితో నన్ను గీశాడు. గీత పడలేదు.

"సూసినావా? ఉక్కంటే ఇదీ!" అని మురిసిపోయాడు.

గట్టిగా ఉంటే చాలు, విరగదనుకుంటారు మీ మనుషులు. గాజు కూడా గట్టిదేగా మహానుభావా!

వారం తిరగకుండా పోలినాయుడు పసుపు బస్తాలు ఎక్కించాడు. ముందుసీట్లో నెలలు నిండిన అతని భార్య నూకాలు. ఆమెను కిందికి, చోడవరం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. మొదటి మలుపులోనే నా నడుమున, బోల్టు రంధ్రం పక్కన, వెంట్రుకంత చీలిక పుట్టింది. మంచి పట్టీ అక్కడ కాస్త సాగి దాన్ని ఆపేస్తుంది. నాకా ఓపిక లేదు. గుంత గుంతకీ చీలిక లోపలికి దిగుతోంది. భయంతో టక్కుమన్నాను.

"ఏటయ్యా ఆ సప్పుడు?" అంది నూకాలు.

"రాయెగిరుంటాది. నువ్వు బెంగెట్టుకోకు."

రాయి కాదురా నాయనా, నేను! ఆపరా బండి!

ఆపలేదు. తర్వాతి మలుపులో ఫెళ్లున విరిగాను. ఇరుసు పక్కకి జరిగింది. వ్యాను ఊగిపోతూ వెళ్లి కొండ వైపు కాలవలో ఒరిగి ఆగింది. రెండో వైపంతా లోయ. నూకాలు రెండు చేతులా కడుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అదృష్టం, తల్లికీ బిడ్డకీ దెబ్బ తగల్లేదు.

బండిని వెనక్కి, ఆచారి కొలిమికే లాక్కొచ్చారు. ఆయన నా ముక్కని తిప్పి చూశాడు. విరిగిన చోట ఇసుమంతైనా వంపు లేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

"ఎవలి దిష్టో తగిలీసినాది," అని తేల్చి, నా చోట కొత్తది బిగించాడు.

"మరి కుడిపక్కదో?" అడిగాడు పోలినాయుడు.

అది నాతోపాటు ఒకే పోతలో పుట్టింది. నాతోపాటే ఆ బూడిదలో పడుకుంది. ఆచారి దాన్ని సుత్తితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"దానికేటి? రాయినాగ గట్టిగుంది."

నన్ను తుక్కుకుప్ప మీదికి విసిరేశారు. నూకాలు కడుపు పట్టుకుని మెల్లగా ముందుసీటెక్కింది. వ్యాను మళ్లీ ఘాటు వైపు తిరిగింది.