శశికళ సీటు

పొద్దున్నే స్కూలుకి బయల్దేరేటప్పుడు నైనిక ముందుగా చేసే పని ఒకటుంది. కారు ముందు తలుపు తీసి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి, క్లిప్పులో నొక్కుతుంది. "అమ్మకి పెట్టేశాను డాడీ" అని చెప్పి తలుపు వేసి, తను వెనక అమ్మమ్మ పక్కన కూర్చుంటుంది. అప్పుడు తండ్రి తేజేశ్వర్ బండి కదిలిస్తాడు. అమ్మమ్మ వసంతలక్ష్మికి స్కూలు దాకా వెళ్ళి రావడమే రోజుకో షికారు.

ఇది అర్థం కావాలంటే ఆ సీటు సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటి కార్లలో ముందు సీటు మెత్త కింద బరువును కనిపెట్టే సెన్సర్ ఒకటి ఉంటుంది. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే బండి టింగు టింగుమని మోగుతూనే ఉంటుంది. నైనిక తల్లి శశికళ పోయి రెండో ఏడు నడుస్తోంది. మనిషి పోయింది గానీ ఆ సీట్లోంచి ఆమె బరువు పోలేదు. బెల్టు పెడితే బండి ఊరుకుంటుంది, పెట్టకపోతే మోగుతుంది. అంతే.

తేజేశ్వర్ పనిచేసేది ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో, ఇంటికి దగ్గర్లోనే, కారు సీట్లు తయారుచేసే కంపెనీలో. ఇలాంటి సెన్సర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటమే అతని ఉద్యోగం. ఒకసారి లాప్‌టాప్ తగిలించి చూశాడు. లోపం ఏమీ లేదు. పైగా అందులో కనిపించిన బరువు, ఆస్పత్రిలో చివరికి పుల్లలా అయిపోయిన శశికళది కాదు. అంతకు ముందు, పట్టుచీర కట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళే రోజుల్లోది. ఇంటికొచ్చి, "మళ్ళీ కాస్త ఒళ్ళు చేసింది అత్తయ్యా" అన్నాడు. "పోనీలే నాయనా" అని వసంతలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

పక్కింటి త్రివేణి ఎప్పుడైనా లిఫ్ట్ అడిగినా, "శశీ, బావున్నావా?" అని పలకరించి వెనకే ఎక్కేది.

నైనికకి ఆ ఏడు కాలేజీలో చేరే ఏడు. మూడు చోట్ల సీటు వచ్చింది. ఇంటినుంచే రోజూ వెళ్ళి రాగలిగేది ఒకటి, చికాగోలో ఒకటి, వాషింగ్టన్‌లో ఒకటి. మే ఒకటో తారీఖులోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలి. చదువు మాత్రం ముందే తేల్చుకుంది, పాలిటిక్స్.

"పాలిటిక్స్ చదివి ఏం చేస్తావే? నలుగురిలో హలో అనడానికే చెమటలు పడతాయి నీకు" అన్నాడు తేజేశ్వర్, అన్నం కలుపుకుంటూ.

"లీడర్ అవడానికి కాదు డాడీ. అమ్మ మందుకి ఇన్సూరెన్స్ వాళ్ళు నో అన్నారు కదా. నేనే ఫోన్‌లో వెయిట్ చేశాను. ఇది రూల్ అన్నారు. ఎవరు పెట్టారు అంటే ఎవ్వరికీ తెలీదు. నాకు తెలియాలి."

తేజేశ్వర్ ముద్ద చేతిలోనే ఉంచుకుని కూతురి వంక చూశాడు.

వసంతలక్ష్మి అనకాపల్లిలో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. "మంచి ప్రశ్నే. ఎవరు ఎవర్ని తమ మాట వినమంటున్నారు, వాళ్ళు ఎందుకు వింటున్నారు, ఆ చదువులో ఉండేదంతా అదే. కానీ అమ్మడూ, పుస్తకాలు ఎక్కడైనా అవే ఉంటాయి. ఆ రూల్ పెట్టినవాళ్ళు నడిచే వీధుల్లో నువ్వూ నడవాలంటే మాత్రం వాషింగ్టనే వెళ్ళాలి" అంది.

నైనిక కంచం తీసుకుని సింకు దగ్గరకి వెళ్ళింది. ఆ రాత్రి అమ్మమ్మ పక్కలో పడుకుని చెప్పింది. "వాషింగ్టన్ నాకు చాలా ఇష్టం అమ్మమ్మా. కానీ నేను వెళ్ళను. మే నెలలో నీ వీసా అయిపోతుంది, నువ్వు వెళ్ళిపోతావ్. నేనూ వెళ్తే డాడీ ఒక్కరే. అమ్మకి బెల్ట్ ఎవరు పెడతారు? డాడీ పెట్టలేరు. ట్రై చేశారు ఒకసారి. గరాజ్‌లోనే ఉండిపోయారు, ఆఫీస్‌కి వెళ్ళలేదు."

"నిర్ణయం తర్వాత. ముందు చూసి రావాలి. చూడకుండా రాసిన జవాబుకి నేను ఎప్పుడూ మార్కులు వెయ్యలేదు" అంది వసంతలక్ష్మి.

మార్చిలో చికాగో కాలేజీ చూడటానికి వెళ్ళొచ్చారు. అక్కడ నైనిక ముందు తలుపు తీసి బెల్టు విప్పి, "అమ్మా, టూర్‌కి రా" అని పిలిచింది. తిరిగొచ్చి బండి తీస్తే టింగు టింగుమంది. శశికళ కదల్లేదు. తేజేశ్వర్‌కి లోలోపల హాయిగానే ఉంది. ఆమె ఆ సీటు వదలదనే అతని ధైర్యం.

ఏప్రిల్‌లో వాషింగ్టన్‌కి బయల్దేరారు. డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం. ఒహాయో, పెన్సిల్వేనియా దాటి, రాత్రికి ఊరి బయట హోటల్లో పడుకుని, తెల్లారాక సన్నటి వానలో ఊళ్ళోకి వచ్చారు. తేజేశ్వర్ ఒకే చోట మూడుసార్లు తిరిగాడు.

"గేటు ఏదీ?"

"గేట్ ఉండదు డాడీ. ఈ బిల్డింగ్స్ అన్నీ అదే."

"గేటు లేని కాలేజీ ఏంటే? పక్కనే సాండ్‌విచ్ షాపు, ఆ పక్కన బ్యాంకు. మధ్యలో కాలేజీనా? పిల్లలు ఎటు పోయేదీ ఎవరికి తెలుస్తుంది?" అతను పెరిగిన చోట కాలేజీ అంటే ప్రహరీ, గేటు, వాచ్‌మన్. పిల్లని ఆ గేటు లోపలికి పంపి వెనక్కి తిరగొచ్చని ఇంతదూరం వచ్చాడు.

పార్కింగ్ ఎక్కడా లేదు. బస్ స్టాపులో బండి ఆపి, ఇండికేటర్లు రెండూ వేశాడు. "నువ్వు చూసి రా. నేను రౌండ్లు కొడుతుంటా. అత్తయ్యా, మోకాళ్ళ నొప్పితో వానలో ఎందుకు, మీరు ఉండండి."

నైనిక దిగి, ముందు తలుపు తీసి, బెల్టు విప్పింది. "అమ్మా, టూర్‌కి రా." కొంచెం ఆగి, తలుపు వేసి వెళ్ళింది.

బండి కదిలింది. ఒక సిగ్నల్ దాటింది, ఇంకొకటి దాటింది. మూడోదాని దగ్గర ఎర్రలైటు పడ్డాక తేజేశ్వర్ పక్కకి చూశాడు. బెల్టు విప్పే ఉంది. బండి మోగడం లేదు.

అతను చెయ్యి చాపి సీటు మీద అరచెయ్యి ఆనించాడు.

"అత్తయ్యా... దిగిపోయింది."

"ఇందాకే చూశాను నాయనా. లైటు పచ్చగా అయింది, పోనివ్వు."

ఆ గంటసేపూ అతను ఆ వీధుల్లోనే తిరిగాడు. బస్ స్టాపు దగ్గరకి వచ్చినప్పుడల్లా మెల్లగా పోనిచ్చాడు. ఎవరెవరో నిలబడి ఉన్నారు, వానలో.

నైనిక ఒక గొడుగుతో తిరిగొచ్చింది. "కాలేజీ చూపించే గైడ్ నాకు రెండు ఇచ్చాడు, ఇద్దరం వచ్చామనుకున్నట్టు. ఒకటి అక్కడే ఉంది" అంటూ అలవాటుగా ముందు తలుపు తీసి, బెల్టు కోసం వంగింది.

"వద్దులే నానీ" అన్నాడు తేజేశ్వర్.

నైనిక సీటు తడిమి చూసింది. తండ్రి మొహం చూసింది. ఎవరూ తలుపు వెయ్యలేదు. వెనకనించి బస్సు హారన్ కొడుతోంది. వాన చినుకులు లోపలికి పడుతున్నాయి. అతను స్టీరింగ్ పట్టుకుని, తీసి ఉన్న తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. బస్సు డ్రైవరు ఇంకోసారి కొట్టాడు.

"తలుపు వెయ్యి అమ్మడూ. సీటు తడుస్తోంది" అంది వసంతలక్ష్మి. కూతుర్ని కన్నది ఆవిడ కాబట్టి, ఆ మాట ఆవిడే అనాలి.

పెన్సిల్వేనియాలో హైవే పక్కన రెస్ట్ ఏరియా దగ్గర ఆగి పెరుగన్నం తిన్నారు. ఎవరికీ సయించలేదు.

"ఎక్కడికైనా ఒప్పుకున్నావా?" అని అడిగాడు తేజేశ్వర్.

"లేదు డాడీ. నేను ఇంటి నుంచే వెళ్తాను. మీరు ఒక్కరే ఉంటారు."

అతను డబ్బా మూత పెట్టడానికి ప్రయత్నించాడు. అది సరిగ్గా పడలేదు. మళ్ళీ పెట్టాడు.

"నాకేం, మన ఊళ్ళో అందరూ తెలుసు. త్రివేణి ఉంది, ఆఫీసు ఉంది. అక్కడ మీ అమ్మ ఒక్కతే ఉంది. ఆ ఊళ్ళో ఎవర్నీ ఎరగదు. ఆ గేటు కూడా లేని చోట..." డబ్బా పక్కన పెట్టాడు. "నువ్వు అక్కడే చదువు."

నైనిక ఏడుస్తూనే ఫోన్ తీసి, వాషింగ్టన్ అని ఉన్నచోట ఒప్పుకుంటున్నానని నొక్కింది. వసంతలక్ష్మి మనవరాలి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

బయల్దేరేటప్పుడు నైనిక, వెనక చోటు చాలక, తన బ్యాగు ముందు సీట్లో పడేసింది. బండి టింగు టింగుమంది.

ముగ్గురూ ఒక్కసారే చూశారు.

బ్యాగు బరువుకే మోగింది. అందులో కాలేజీ వాళ్ళిచ్చిన పుస్తకాలు. నైనిక ముందుకి వంగి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. మోత ఆగింది. తేజేశ్వర్ కళ్ళద్దాలు తుడుచుకుని బండి రోడ్డెక్కించాడు. ఇల్లు చేరేదాకా ఆ సీటు మీద ఎవరూ ఏమీ పెట్టలేదు.