కండక్టరుకి వేన్నీళ్ళు

అత్తగారు కూతురింటికి వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో అల్లుడితో ఆవిడ నేరుగా మాట్లాడిన మాటలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు కూడా ఎక్కువే. పోట్లాటేమీ లేదు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, మొహమాటం.

ఇంటికి ముందు గది అల్లుడి సెలూన్. వెనక రెండు గదుల్లో కాపురం. మధ్య గుమ్మానికి నీలం కర్టెను. "అమ్మాయ్, మీ ఆయన్ని భోజనానికి రమ్మను" అని ఆవిడ కర్టెను ఇవతల అంటే, అవతల మూడడుగుల దూరంలో ఉన్న అల్లుడికి శుభ్రంగా వినిపించేది. అయినా భార్య వచ్చి చెప్పేదాకా ఆగి, "అయిదు నిమిషాల్లో వస్తానని మీ అమ్మగారితో చెప్పు" అనేవాడు. అదీ ఆవిడకి వినిపించేది. మధ్యలో కూతురు తల కొట్టుకునేది. "పోస్టాఫీసులో పొద్దంతా చేసేది చాలదా, ఇంట్లో కూడా నాకు బట్వాడా పనేనా!"

సొంత ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు ఆవిడ వెంట తెచ్చుకున్నవి రెండే. ఒకటి ట్రంకుపెట్టె, రెండోది చేతిసంచిలో కువకువలాడుతున్న కోడిపిల్ల. ఆ ఇంటి పెరట్లో పొదిగిన ఆఖరి పిల్ల అది. ఇప్పుడు నిగనిగలాడే ఎర్రటి పెట్టయింది. గుడ్డు పెట్టిందంటే చాలు, పెరడంతా తిరిగి వీధి మలుపుదాకా వినిపించేలా చాటింపు వేసేది. ఆ గొంతు విని, సెలూన్‌కి వచ్చే బస్సు డ్రైవరు దానికి 'కండక్టరు' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. రోజూ ఎనిమిదింటికి గుడ్డు, ఎనిమిదీ అయిదుకి చాటింపు.

ఆ బుధవారం పది దాటినా పెరట్లో చడీచప్పుడు లేదు. ముందురోజూ గుడ్డు లేదు. అంతకుముందు రెండు వారాల్లో మూడుసార్లు తోలుగుడ్డు పెట్టింది. పైన పెంకు లేదు, చేతిలోకి తీసుకుంటే నీళ్ళు నింపిన బుడగలా జారిపోయింది. "పశువుల డాక్టరు మీ ఆయన దగ్గరే కదా జుట్టు కత్తిరించుకునేది, ఒకమాట అడగమనవే" అని ఆవిడ అప్పుడే కూతురితో అంది. తర్వాత ఏమైందో కూతురు చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

కండక్టరు గంపలో కూర్చుంటోంది, ముక్కుతోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. ఈకలు ఉబ్బించుకుని, తోక వాల్చి, బరువేదో మోస్తున్నట్టు కాళ్ళు ఎడంగా వేస్తోంది. గింజలు చల్లితే మొహం తిప్పుకుంది. ఆవిడ పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది. లోపల గట్టిగా, గుండ్రంగా తగిలింది.

"గుడ్డు అడ్డం పడిందే తల్లీ!" అనుకుంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఇలాగే అడ్డం పడిన పెట్ట సాయంత్రానికల్లా మెడ వాల్చేసింది.

కూతురికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కౌంటరులో ఉంటే ఎత్తదు. ఆవిడ కోడిని కొంగులో పొదివి పట్టుకుని కర్టెను దాకా వెళ్ళింది. సందులోంచి చూస్తే డ్రైవరు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒక చెంప నున్నగా అయిపోయింది, రెండో చెంప మీద నురగ. అల్లుడి చేతిలో కత్తి ఉంది.

పిలవాలి. ఏమని పిలవాలి? బాబూ అనాలా, అల్లుడుగారూ అనాలా? గొంతు సవరించుకుంది. చివరికి చేతిలోని కోడి మొహంలోకి చూసింది.

"ఏమే కండక్టరూ, నీకు గుడ్డు అడ్డం పడిందని అల్లుడుగారితో చెప్పుకోవే. నిన్నటి నుంచీ అవస్థ పడుతున్నానని చెప్పవే. ఇలాగే ఉంటే నువ్వు నాకు దక్కవే!"

కోడిని గుండెకి హత్తుకుంది.

అవతల కత్తి ఆగింది. కర్టెను పక్కకి జరిగింది. అల్లుడు ఆవిడ వైపు చూడలేదు, కోడినే చూశాడు.

"కండక్టరూ, కంగారు పడొద్దని మీ అమ్మగారికి చెప్పు. డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా."

"అన్నా, మరి నా సగం గడ్డం?" అన్నాడు డ్రైవరు.

"కూర్చోవయ్యా. నీకేం గుడ్డు అడ్డం పడలేదుగా."

డాక్టరు ఎక్కడో పశువుల కొట్టంలో ఉన్నాడు. ఫోన్‌లోంచి ఆయన మాటకంటే ఆవు అరుపే ఎక్కువ వినిపించింది. "ఇక్కడ ఆవు ఈనుతోంది, నేను కదల్లేను. చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. గోరువెచ్చటి నీళ్ళలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఆరబెట్టి, గుడ్డు వచ్చే దారి అంచున కాస్త నూనె రాసి, చీకటిగా, వెచ్చగా ఉన్నచోట వదిలెయ్యండి. పొట్ట మాత్రం నొక్కొద్దు. లోపల గుడ్డు పగిలిందంటే పెట్ట బతకడం కష్టం. రెండింటికల్లా రాకపోతే నా ఆస్పత్రికి తెచ్చెయ్యండి."

వేన్నీళ్ళు వచ్చేది సెలూన్‌లోనే. ఆవిడ రెండేళ్ళలో మొదటిసారి కర్టెను దాటింది. నాలుగు గోడల అద్దాల్లో తను నలుగురిగా, కోడి నాలుగుగా కనిపించేసరికి ఒక్క క్షణం కళ్ళు తిరిగాయి. అల్లుడు తల కడిగే బేసిన్ నింపి, మోచేతితో వేడి చూశాడు.

"కండక్టరూ, వేడి సరిపోయిందేమో మీ అమ్మగారిని ఒకసారి చూడమను."

"కండక్టరూ, సరిపోయిందని చెప్పవే."

నీళ్ళలో కూర్చున్న కండక్టరు కాసేపు రెక్కలు టపటపలాడించి, తర్వాత మెల్లగా కళ్ళు మూసుకుంది. డ్రైవరు నురగ చెంపతోనే లేచి వచ్చి తొంగి చూశాడు. "పదేళ్ళుగా ఇక్కడికే వస్తున్నా. నాకెప్పుడైనా ఇంత మర్యాద జరిగిందా అన్నా?"

ఎవరూ నవ్వలేదు. కోడి ఒక్కసారి బిగుసుకుని, సన్నగా మూలిగింది. ఆ మూలుగు వినగానే ఆవిడ చేతులు వాటంతటవే నీళ్ళలోకి వెళ్ళాయి. బొటనవేళ్ళు పొట్ట మీద బిగిశాయి.

"నొక్కకండి అత్తయ్యా!"

ఆ కేకకి డ్రైవరు చేతిలో తువ్వాలు జారిపోయింది. అల్లుడికే తన గొంతు కొత్తగా వినిపించినట్టుంది. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. కోడిని కాదు, అల్లుడినే చూసింది.

"మా అమ్మ ఇలాగే నొక్కింది నాయనా. అందుకే ఆ పెట్ట పోయిందేమో. ఇన్నేళ్ళూ నాకు తెలీనే లేదు."

"ఆవిడకి తెలియక చేశారు అత్తయ్యా. మనకి తెలిసిందిగా, ఇక నొక్కం."

ఇరవై నిమిషాలయ్యాక అల్లుడు డ్రయ్యర్ తీసి, కోడికీ దానికీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టి, వేడి చూసుకుంటూ ఈక ఈకా విడదీసి ఆరబెట్టాడు. ఆవిడకి నవ్వొచ్చింది. "దానికి పెళ్ళిచూపులా ఏంటయ్యా?" అంది. అల్లుడు తలకి రాసే నూనె సీసా అందుకోబోతే ఆపింది. "ఆ ఘుమఘుమలు వద్దు. వంటింట్లో నూనె తెస్తానుండు." నూనె రాశాక, ఉతికిన తువ్వాళ్ళు పెట్టుకునే అలమారా కింది అరలో కోడిని కూర్చోబెట్టి, తలుపు ఓరగా వేశారు.

ఇక చెయ్యడానికేమీ లేదు. ముగ్గురూ అలమారా వైపు చూస్తూ కూర్చున్నారు.

"అయినా అత్తయ్యా, పెంకుకి సున్నం చాలడం లేదని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆల్చిప్పల పొడి తెచ్చి పెట్టానుగా. తినడం లేదా ఇది?"

"ఏ పొడి?"

"కర్టెనుకి మీవైపే, గుమ్మం పక్క గూట్లో, తెల్ల డబ్బాలో."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అది నీ కొట్టులో వాడే పౌడరనుకున్నానయ్యా! రోజూ దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడుతున్నా!"

"డబ్బా రోజూ మెరుస్తుంటే మీరు వాడుతున్నారనుకున్నా నేను! మీకు చెప్పమని మీ అమ్మాయితో అన్నానే!"

"నాతో చెప్పలేదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, దాన్నేం అనకు. మన బట్వాడా ఎక్కువైపోయింది దానికి" అంది ఆవిడ.

డ్రైవరు కుర్చీలో మెలికలు తిరుగుతూ నవ్వాడు. ఎండిపోయిన నురగ చెంప మీంచి పెచ్చులు పెచ్చులుగా రాలింది. "ఈ గదికీ ఆ గదికీ మధ్య ఒక బస్సు వేయించాలన్నా! నేనే నడుపుతా!"

పన్నెండయింది. ఒంటిగంటయింది. ఇద్దరు మనుషులు గడ్డానికొచ్చి, సంగతి విని, వాళ్ళూ బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆవిడ పదిసార్లు లేచింది. "తలుపు తియ్యొద్దు అత్తయ్యా, దాని మానాన దాన్ని ఉండనివ్వండి" అని అల్లుడు పదిసార్లూ కూర్చోబెట్టాడు. ఒకటిన్నరకి గడియారం వైపు చూసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి బుట్ట వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడు అలమారాలోంచి ఏదో దొర్లిన చప్పుడైంది. తర్వాత కాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు తోసుకుని ఎర్రటి తల బయటికి వచ్చింది. కండక్టరు నేల మీదికి దూకింది, ఒళ్ళు దులుపుకుంది, అద్దంలో తనని తాను చూసుకుంది, అరిచింది. అద్దాలు అదిరేలా, వీధి మలుపు దాటేలా అరిచింది.

"రైట్, రైట్!" అని డ్రైవరు కుర్చీ చెయ్యి మీద దరువేశాడు.

తెల్లటి తువ్వాళ్ళ మధ్య గుడ్డు ఉంది. మామూలు గుడ్డుకి ఒకటిన్నర ఉంటుంది, పైన గరుగ్గా గీతలు. ఆవిడ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అల్లుడు కూడా ఎందుకో అద్దం వైపు తిరిగి, అవసరం లేకపోయినా కత్తి తుడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం కూతురు పెరటి దారిన ఇంటికొచ్చేసరికి సెలూన్‌లోంచి పెద్ద పెద్ద గొంతులు. ఎవరో గొడవకొచ్చారనుకుని పరుగెత్తుకొచ్చింది.

"గింజల్లో కలపొద్దు అత్తయ్యా! విడిగా గిన్నెలో పెట్టమన్నాడు డాక్టరు. కావలసినంత అదే తింటుంది."

"విడిగా పెడితే కాలితో తన్ని ఒలకబోస్తుందయ్యా! దాని సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

కూతురు కర్టెను పట్టుకుని నిలబడిపోయింది. ఎప్పటి అలవాటే కాబట్టి నోరు తెరిచింది. "అమ్మా, ఆయన ఏమంటున్నారంటే..."

"నువ్వుండవే!" అంది తల్లి.

"నువ్వుండు!" అన్నాడు భర్త.

కూతురు సంచీ కింద పెట్టి, ఖాళీగా ఉన్న తిరుగుడు కుర్చీలో కూలబడింది. కాలితో నేలని ఒక్క తోపు తోసింది. కుర్చీ గుండ్రంగా తిరుగుతుంటే, నాలుగు అద్దాల్లోనూ వాళ్ళిద్దరూ చేతులు తిప్పుతూ వాదించుకుంటున్నారు. మూలన కండక్టరు, గడ్డం నురగ కలుపుకునే పాత గిన్నెలో ముక్కు పెట్టి, ఆల్చిప్పల పొడిని టకటకా పొడుచుకు తింటోంది.