పెద్దక్క టికెట్టు

రైలెక్కని మనిషిని ఎక్కిందని రాసుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. చిన్నక్కకు మండడమేమిటి, భగ్గుమంది. స్టేషన్లో టికెట్ల వాపసు కిటికీ ముందు నిలబడి, లోపలున్న కళ్ళజోడాయన చెప్పిన మాటనే మళ్ళీ చెప్పమంది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు. ఆ రోజు రెండు సీట్లలోనూ మనుషులున్నట్టు టీసీ గుర్తు పెట్టాడు, కాబట్టి రెండో టికెట్టు కూడా వాడినట్టే, వాడిన టికెట్టుకు వాపసు రాదు. అంతే సంగతి.

"మా అక్క రాలేదండీ," అంది చిన్నక్క. "నా పక్క సీటు దారి పొడుగునా ఖాళీగానే ఉంది. పక్కన కూర్చున్న నాకంటే మీ కంప్యూటర్‌కు బాగా తెలుసా?"

ఎందుకు రాలేదని అడిగాడాయన. ఒంట్లో బాగాలేదని చెప్పి కళ్ళు దించుకుంది. నిజానికి ఆ రైలు బయల్దేరేనాటికే పెద్దక్క పోయింది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన ఇంకోలా మాట్లాడేవాడేమో. కానీ ఆ ముక్క చిన్నక్క నోటినుంచి ఇంతవరకు ఒక్కరి దగ్గర కూడా బయటికి రాలేదు. గొంతుదాకా వచ్చేది, అక్కడే అడ్డం పడేది.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ బజారు సందులో బట్టలు కుట్టే కొట్టు. ముందు గదిలో మిషను, వెనక గదిలో కత్తిరించే బల్ల, మధ్యలో ఒక తెర. కొలతలు తీసేదీ కుట్టేదీ చిన్నక్క. కత్తిరించేది పెద్దక్క. చిన్నక్క టేపు పట్టుకుని కొలత పైకి చదివేది, తెర వెనకనుంచి పెద్దక్క అదే అంకె తిరిగి చెప్పి రాసుకునేది. ఇటునుంచి "చెయ్యి ఇరవై" అంటే అటునుంచి "ఇరవై" అని వినపడేది. వచ్చేవాళ్ళకు పెద్దక్క మొహం కంటే గొంతే ఎక్కువ పరిచయం. కుట్టు ఎవరైనా కుడతారు, కత్తెర మాత్రం పెద్దక్కదే పడాలి అని చిన్నక్క మొహం మీదే అనేవాళ్ళు. ఆమె నవ్వేసి ఊరుకునేది. నోట్లో నాలుక లేని మనిషేం కాదు, బజారంతా ఆమె నోటికి జడిసేది. కానీ అక్క గొప్పతనం దగ్గర మాత్రం ఆమె పోటీకి వెళ్ళేది కాదు.

పెద్దక్క మంచం పట్టిన రోజున మొదట మాట్లాడింది డాక్టరు గురించి కాదు, కొట్టు గురించి.

"ఎవరడిగినా లోపలే ఉన్నానని చెప్పవే. నేను లేనంటే గుడ్డ చంకన పెట్టుకుని పక్క సందులోకి పోతారు. ఈలోగా నువ్వు కత్తెర పట్టుకో."

పట్టుకుంది. ఇంట్లో మంచం పక్కన కూర్చుని చిరిగిన దుప్పట్ల మీద నేర్చుకుంది. చంక దగ్గర వంపు తప్పినప్పుడల్లా అక్క పడుకునే తిట్టింది, ఈమె ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. దున్నపోతుకు చొక్కా కుడుతున్నావా అని ఒకసారి అక్క అంటే ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకే అక్కకు ఆయాసం వచ్చింది. కొట్లో మాత్రం ఎవరడిగినా ఒకటే జవాబు. "ఉంది, లోపలే ఉంది. గొంతు పట్టేసింది, పలకదు." చెప్పగా చెప్పగా ఆ మాటకు ఆలోచనతో పని లేకుండా పోయింది. తలుపు తెరిస్తే కిర్రుమన్నట్టు, అడిగితే వచ్చేసేది.

ఇల్లు ఊరికి ఆ చివర, కొట్టు ఈ చివర. పెద్దక్క పోయిన సంగతి ఇంటి చుట్టుపక్కలవాళ్ళకు తెలిసింది, బజారుకు తెలియలేదు. కొన్నాళ్ళు మూసిన కొట్టు మళ్ళీ తెరిచిన రోజు చెప్పేద్దామనే అనుకుంది చిన్నక్క. మొట్టమొదట వచ్చిన మనిషి అక్క ఉందా అని అడగగానే, ఉంది, లోపలే ఉంది అనేసింది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నోరు పెగల్లేదు. ఆ తర్వాత కూడా కొలతలు పైకే చదివేది, తెరవైపు చూసి కాస్త ఆగేది, ఆ మీదట తానే రాసుకునేది. పిచ్చి కాకపోతే ఏమిటి అంటారా? పిచ్చే, కాదని ఎవరన్నారు? ఒక్కతే అన్నం తిని ఒక్కతే పడుకునే మనిషికి, పగలంతా ఆ తెర వెనక ఒకరున్నారనుకోవడం కూడా తప్పేనా?

ఇక టికెట్ల సంగతి. అవి తీసుకున్నది పెద్దక్కే, కాస్త తేరుకున్నట్టు కనిపించిన రోజుల్లో. తమ ఇద్దరినీ పెంచిన పిన్ని దూరపు ఊళ్ళో ఉంది. ఆమెను చూడటానికి పగటి రైల్లోనే వెళ్దామంది, కిటికీ పక్క సీటు తనకే కావాలంది. జన్మంతా బల్ల మీదికి వంగి, గుడ్డనూ కత్తెరనూ తప్ప దేన్నీ తీరిగ్గా చూడని మనిషి. అంతకంటే పెద్ద కోరికలు ఆమెకు లేవు. ఆ సంబరం తీరకుండానే జబ్బు తిరగబెట్టింది.

"నేను రాలేనేమోనే," అంది ఒకరోజు. "నువ్వు మాత్రం వెళ్ళు. పిన్ని మనకోసం చూస్తూ ఉంటుంది. నా టికెట్టు వాపసు చేసెయ్. ఖాళీ సీటుకు ఊరికే డబ్బు పోనివ్వకు."

గుడ్డ పేలిక కూడా పారెయ్యని మనిషి మరి. చిన్నక్క అలాగేనని చేతిలో చెయ్యి వేసింది. ఆ మర్నాటి నుంచి అక్కకు మాట పడిపోయింది. చెల్లెలికి ఆమె చివరిగా అప్పజెప్పిన పని అదే.

మరి రైలు బయల్దేరకముందే వాపసు చేయొచ్చు కదా అని మీకు తోచవచ్చు. చేయాలంటే ఎందుకని అడుగుతారు. రేపు, ఎల్లుండి అని నానబెడుతూ ఉండగానే ప్రయాణం రోజు నెత్తిమీదికి వచ్చింది. ఒక్కతే వెళ్ళింది. గుమ్మంలో ఒక్కతే నిలబడ్డ మనిషిని చూసి పిన్ని అక్కడే కూలబడింది. నోరు విప్పి చెప్పే పనే పడలేదు. తిరిగొచ్చి, ఇప్పుడైనా అక్క మాట చెల్లిద్దామని వాపసు అడిగితే ఇదిగో, ఈ జవాబు.

చిన్నక్క పట్టు వదల్లేదు. కాళ్ళరిగేలా తిరిగింది. ఈ కిటికీ కాదు ఆ కిటికీ అన్నారు, ఆ కిటికీ దగ్గర రేపు రమ్మన్నారు. మీ అక్కగారినే ఒకసారి తీసుకురండి, ఆవిడే చెబితే సరిపోతుంది కదా అని ఒకాయన మంచిగానే అన్నాడు. ఆ మాటకు చిన్నక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, తాడో పేడో తేల్చుకుందామని సరాసరి మేడ మీది అధికారి గదికి వెళ్ళింది. మనిషి లేని సీటులో మనిషి ఉందని రాసిన ఆ టీసీని పిలిపించండి, నా మొహం చూసి చెప్పమనండి అంది. అధికారి ఆమె వాలకం చూసి, ఆ టీసీ డ్యూటీ దిగే వేళకు రమ్మన్నాడు.

టీసీ అంటే ఎవరో పొగరుబోతు కుర్రాడై ఉంటాడని ఊహించుకుని, దారిపొడుగునా తిట్లు కూడబెట్టుకుని వచ్చింది. తీరా చూస్తే ఉద్యోగం చివరికొచ్చిన పెద్దమనిషి. నల్లకోటు మోచేతుల దగ్గర తెల్లబడింది, మధ్య గుండీ దారానికి వేలాడుతోంది. చిన్నక్క చూపు ముందు ఆ గుండీ మీదికే పోయింది. కూడబెట్టుకున్న తిట్లలో సగం అక్కడే మర్చిపోయింది.

ఆయనకు ఆ ప్రయాణం బాగానే గుర్తుంది.

"ఈ అమ్మగారు ఇటు అంచు సీట్లో కూర్చున్నారండీ," అన్నాడు అధికారితో. "కిటికీ పక్క సీటు మీద శాలువా పరిచి ఉంది. ముందర రెండు భోజనం డబ్బాలు పెట్టుకున్నారు. రెండో ఆవిడ ఏరని అడిగాను. ఉంది, లోపలే ఉంది అన్నారు. రైలు పెట్టెలోనే ఎక్కడో ఉన్నారనుకుని, వచ్చినట్టు గుర్తు పెట్టాను."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. శాలువా పరిచింది చిన్నక్కే. అలవాటు కొద్దీ రెండు డబ్బాలు సర్దిందీ తానే. ఆ మాట మాత్రం అన్నట్టే తెలియదు. అడగ్గానే దానంతటదే వచ్చేసి ఉంటుంది. లోపలే ఉన్నానని చెప్పు అన్నదీ అక్కే, టికెట్టు వాపసు చెయ్యి అన్నదీ అక్కే. ఆ మొదటి మాటను అంత గట్టిగా నిలబెట్టబట్టే ఈ ఆఖరి మాట మట్టిలో కలిసింది. ఎంత పని చేశాను అనుకుంది.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒక దారి ఉందన్నాడు. మనిషిని కళ్ళతో చూడకుండానే గుర్తు పెట్టానని టీసీ రాసిస్తే వాపసు వస్తుంది. కాకపోతే అది ఆయన తప్పు కింద ఉండిపోతుంది, దిగిపోయేవేళ ఆ మచ్చ ఆయనకు మంచిది కాదు. టీసీ జేబులోంచి కలం తీశాడు.

"రాస్తానండీ. ఆవిణ్ణి నేను చూడని మాట నిజమే కదా."

నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అక్క అప్పజెప్పిన పని అయిపోతుంది. చిన్నక్క నిజంగానే మూసుకుంది. ఆయన కలం మూత తీశాడు, కాగితం సరిచేసుకున్నాడు, వంగాడు. వంగినప్పుడు ఆ గుండీ బల్లకు తగిలి ఊగింది. ఈయనకు కుట్టిపెట్టే దిక్కు కూడా లేదేమో అనిపించిందామెకు.

"వద్దండీ, రాయకండి," అంది. "ఆయన తప్పేమీ లేదు. అబద్ధం చెప్పింది నేను. మా అక్క చచ్చిపోయింది."

అనేసింది. ఇన్నాళ్ళూ గొంతుకు అడ్డం పడ్డ మాట, ముక్కూ మొహం తెలియని ఇద్దరి ముందు అనేసింది. ఎప్పుడని అధికారి అడిగితే, రైలుకు ముందే అని చెప్పింది. టీసీ తప్పు లేదంటే, రైలు కదిలాక ఇక వాపసు రాదమ్మా అన్నాడాయన, చెప్పలేక చెబుతూ. తెలుసండీ అని లేచింది. టీసీ ఆమెతోపాటు మెట్ల దాకా వచ్చాడు. ఏదో చెప్పాలని తటపటాయిస్తున్నాడు.

"ఆ సీటు దారిలో ఇద్దరు ముగ్గురు అడిగారమ్మా," అన్నాడు చివరికి. "మనిషి ఉందని చెప్పి పంపించేశాను. ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

చిన్నక్క ఆయనకు దణ్ణం పెట్టి మెట్లు దిగింది.

కొట్టు తెరిచేసరికి బడి పంతులమ్మ అరుగు మీద కాచుకుని ఉంది. చేతిలో ముతక ఉన్ని గుడ్డ. ఎంతసేపటినుంచి కూర్చున్నానో తెలుసా అని చిన్నగా దెప్పి, లోపలికి వస్తూనే అడిగింది.

"పెద్దక్క ఉందా? ఈసారి చలికోటు. కత్తెర ఆవిడే వెయ్యాలి, ముందే చెబుతున్నా."

నోరు దానంతటదే తెరుచుకుంది. చిన్నక్క బలవంతాన మూసి, మళ్ళీ తెరిచింది.

"లేదండీ. మా అక్క పోయింది. చాలా రోజులైంది. మీకు అబద్ధం చెబుతూ వచ్చాను."

పంతులమ్మకు కోపం వచ్చి ఉంటే తప్పు పట్టే పని లేదు, కానీ రాలేదు. ఆమె తెరవైపు చూసింది, ఆ తర్వాత తన ఒంటిమీదున్న జాకెట్టు వైపు చూసుకుంది. మొన్ననే కుట్టించుకున్నది అది. మరి ఇదెవరు కత్తిరించారని అడిగింది. నేనే అని చెప్పింది చిన్నక్క. పంతులమ్మ చేతి అంచు తిప్పి చూసుకుని, నెమ్మదిగా అంది.

"నాకు తేడా తెలియలేదమ్మా."

మెచ్చుకోలే అది, సందేహం లేదు. కానీ చిన్నక్కకు ఆ మాట గుచ్చుకుంది. అక్క లేదన్న తేడా బజారులో ఒక్కరికి కూడా తెలియకుండా చేసింది తనే కదా. పని నేర్పిన చేతిని ఆ పనితోనే తుడిచేసినట్టయింది కదా. అంత చక్కగా ఎందుకు నేర్చుకున్నానా అని ఏడుపొచ్చింది, మింగుకుంది. ఈవిడ ఇక గుడ్డ చంకన పెట్టుకుని పక్క సందులోకి పోతుంది, పోతే పోనీ అనుకుంది.

పంతులమ్మ పోలేదు. గుడ్డ మిషను మీద పెట్టి, వీపు తిప్పి నిలబడింది. కొలతలు తీసుకోమంది. చిన్నక్క టేపు తీసి ఆమె భుజాల మీద పరిచింది.

"భుజం పదిహేను," అని పైకి చదివింది. చదివి, ఎప్పటిలాగే తెరవైపు చూసి ఆగింది.

అటునుంచి ఏమీ రాలేదు. మామూలుగా అయితే ఈపాటికి తానే రాసుకునేది. ఇవాళ చెయ్యి కదల్లేదు. టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఆగడం దేనికో పంతులమ్మకు తెలుసు. ఆ కొట్లో కొలతలిచ్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె వెనక్కి తిరగలేదు. పాఠం అప్పజెప్పే పిల్లలా చిన్న గొంతుతో అంది.

"పదిహేను."

చిన్నక్క టేపు వదిలేసి, ఆవిడ వీపుకు తల ఆనించి ఏడ్చింది.