నేలపాలైన చుక్కలు

నేను ఒక మట్టి గిన్నెను. మర్యాదగా పిలవదలుచుకుంటే పానపాత్ర అనండి. ఈ మ్యూజియంలో నా ముందు పెట్టిన చీటీ మీద అలాంటి పెద్ద పేరే ఏదో రాసి ఉంది. మొన్నామధ్య మీ తెలుగు జంట ఒకటి నా అద్దాల పెట్టె దగ్గర ఆగింది. "ఇంత వెడల్పు గిన్నెతో తాగితే సగం ఒంటిమీదే ఒలుకుతుంది కదండీ" అంది ఆవిడ. నిజమే తల్లీ. నా కథంతా ఒలకడం గురించే.

ఏథెన్స్ నగరంలో కుమ్మరుల పేటలో పుట్టాను. ఒళ్లంతా నల్లటి పూత పూసి, బొమ్మలున్న చోట మాత్రం మట్టి ఎరుపును అలాగే వదిలేశారు. బయటివైపు రెండు పెద్ద కళ్లు గీశారు. తాగేవాడు నన్నెత్తితే ఎదుటివాడికి అతని మొహం బదులు నా కళ్లే కనిపిస్తాయి. మొహం దాచుకోవడానికి మనిషికి ఇంత హంగు కావాలా అని నవ్వుకునేదాన్ని. లోపల అడుగున ఒకే మంచం మీద వాలిన ఇద్దరు స్నేహితుల బొమ్మ, దాని చుట్టూ 'ఫిలినోస్ అందగాడు' అన్న మాట. ద్రాక్షసారా పూర్తిగా తాగితేనే అది కనిపిస్తుంది.

ఆ మాట రాయించినవాడు లైకోన్. మెత్తటి మనిషి, పెళ్లీ పిల్లలూ లేనివాడు. ఫిలినోస్ అతని ప్రాణస్నేహితుడు. మొదటిసారి నన్ను ఖాళీ చేసి అడుగు చూసినప్పుడు ఫిలినోస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అందగాణ్ణా? నా ముక్కు చూశాకే రాయించావట్రా?"

"ముక్కు సంగతి కూడా రాయమన్నాను. చోటు చాల్లేదన్నాడు కుమ్మరి" అన్నాడు లైకోన్.

వాళ్ల విందులు మగవాళ్లవే. గోడల వెంట మంచాలు వేసి, మంచానికిద్దరు చొప్పున ఎడమ మోచేతి మీద వాలేవారు. ద్రాక్షసారాలో నీళ్లు కలపకుండా తాగేవాణ్ణి మోటువాడికింద జమకట్టేవారు. మత్తు కాస్త తలకెక్కాక ఒక ఆట మొదలయ్యేది. గది మధ్య పొడుగాటి కంబం, దాని కొసన కదిలీ కదలకుండా నిలబెట్టిన కంచు బిళ్ల. నా పిడిలో వేలు దూర్చి, నన్నొక్క తిప్పు తిప్పి, అడుగున మిగిలిన చుక్కల్ని విసిరి ఆ బిళ్లను పడగొట్టాలి. విసిరేటప్పుడు తనకిష్టమైనవాళ్ల పేరు పైకి చెప్పాలి. బిళ్ల ఖంగుమంటే ఆ ప్రేమ నిలుస్తుందని నమ్మకం.

అదే చుక్కల్ని నేలమీద పోస్తూ పేరు చెబితే మాత్రం ఆ పేరు చచ్చిపోయినవాడిది. మీరు తర్పణం వదులుతారే, అలాంటిదన్నమాట. ఆటకీ తర్పణానికీ తేడా మణికట్టులోనే ఉంది.

ఫిలినోస్ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని యుద్ధానికి ఓడెక్కాడు. అతను లేని విందులో కూడా లైకోన్ అతని పేరే చెప్పి విసిరేవాడు. ఒకసారి బాగా తాగి ఉన్నాడు. "ఫిలినోస్" అన్నాడు. వేలు పట్టు తప్పింది. నేను గిరుక్కున తిరగాల్సింది పోయి బోర్లాపడ్డట్టు వంగిపోయాను. నాలో ఉన్నదంతా తిన్నగా నేలమీద పడింది. కూలికొచ్చి వేణువు ఊదుతున్న అమ్మాయి ఊదడం ఆపేసింది. లైకోన్ మంచం దిగి తన పైబట్టతో ఆ తడి తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచాడో, పక్కవాళ్లు లేవదీస్తేగాని లేవలేదు.

చలికాలం వెళ్లాక ఫిలినోస్ ఒక్కడే తిరిగొచ్చాడు. ఓడ మునిగి తమ్ముడు పోయాడు. లైకోన్ సంతోషం పట్టలేక నన్ను చేత్తో పట్టుకునే వాకిట్లోకి పరుగెత్తాడు. ఫిలినోస్ గడప అవతలే నిలబడ్డాడు.

"నేను బతికుండగానే నాకు తర్పణం వదిలావట."

"చెయ్యి జారిందిరా. నీ మీద ఒట్టు."

"తెలుసు. నువ్వు కావాలని చెయ్యవు." అతని చూపు నామీదే ఉంది. "కానీ నా పేరున పోసింది నా బదులు మా తమ్ముడు తాగాడురా. నీ ఇంట్లో కూర్చుని ఎట్లా తాగను?"

గడప దాటకుండానే ఫిలినోస్ వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత లైకోన్ విందులు మానేశాడు. ఇద్దరు పట్టే మంచం మీద ఒక్కడే, ఒక అంచుకి ఒదిగి వాలేవాడు, పక్కవాడికి చోటివ్వాలన్నట్టు. నన్ను సగం దాకా తాగి పక్కన పెట్టేసేవాడు. అడుగున ఉన్న పేరు కనబడకూడదని. నాలో మిగిలిన సగం అక్కడే పులిసేది. ఈగలు పడేవి. తాగేవాడు తాగకపోతే గిన్నె బతుకు ఎంత ఒంటరిదో మీకెలా చెప్పను? నా చుట్టూ అంత గదీ ఉండేది, ఒక్క నవ్వు ఉండేది కాదు. వీధిలో వాళ్లిద్దరూ ఎదురుపడితే తల వంచుకునేవారట. అలాగే ముసలివాళ్లయ్యారు.

లైకోన్ పోయాడు. ఇంకా పూడ్చని సమాధి దగ్గర నలుగురు బంధువులు నిలబడ్డారు. పిల్లల్లేనివాడు కదా, తర్పణం ఎవరు వదలాలని తర్జనభర్జన పడుతుంటే, వెనకనుంచి కర్ర పొడుచుకుంటూ ఫిలినోస్ వచ్చాడు. తర్పణం కోసం తెచ్చిన నన్ను బంధువుల దగ్గర అడిగి తీసుకున్నాడు. ద్రాక్షసారా పోయించుకున్నాడు. నేలమీద పోస్తాడని అందరూ తలలు వంచారు.

ఫిలినోస్ పొయ్యలేదు. ఆబగా తాగేసి, అడుగున నాలుగు చుక్కలు మిగిల్చి, నా పిడిలో వంకరపోయిన వేలు దూర్చాడు. "లైకోన్" అని గట్టిగా పిలిచి, విందులో విసిరినట్టే ఒక్క తిప్పు తిప్పి విసిరాడు. చుక్కలు సమాధి రాతికి తగిలి కిందికి కారాయి.

"సమాధి దగ్గర ఆటలేమిటయ్యా?" అన్నాడొక బంధువు. "చచ్చినవాడికి అలా విసరరు."

"వాడు నాకు చావలేదు" అన్నాడు ఫిలినోస్.

నన్ను తన పైబట్టతో తుడిచి, లైకోన్ కుడిచేతి పక్కన పెట్టాడు. మట్టి కప్పారు. ఆ తర్వాత నాలో ఎవరూ ఏమీ పోయలేదు.