డెలికేట్ అంటే

అత్తగారి చంకల కింద చేతులు పెట్టి ఆమెను మంచం మీంచి కుర్చీలోకి దించుతుండగా ముందు గదిలోంచి మా ఆయన కేక వేశాడు.

"దేవకృపా, డెలికేట్‌కి ఇంకో మాట!"

పోలీసు చర్య జరిగి నెల దాటింది. అన్నాళ్ళూ దఫ్తర్లలో ఉర్దూలో రాసుకుంటూ బతికిన గుమాస్తాలు, కొత్త సర్కారులో ఇంగ్లీషు రాకపోతే ఏమైపోతామోనని బెంగపడి, సాయంత్రాలు కార్ఖానా పేటలో ఉన్న మా ఇంటికి చదువుకోవడానికి వస్తున్నారు. కంటోన్మెంటు ఆఫీసులో పనిచేసే మా ఆయన, సామ్యూల్ గారంటే వాళ్ళకు పెద్ద ఇంగ్లీషు పండితుడు. పాఠం రాసిచ్చేది మాత్రం నేను. పెళ్ళికి ముందు బందరులో ట్రెయినింగు పూర్తిచేసి మూడేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పాను. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"ఫ్రెయిల్," అన్నాను రొప్పుతూ. "ఫ్రాజైల్ కూడా. కాకపోతే అది ఎక్కువగా గాజు సామాను లాంటి పగిలే వస్తువులకు. మనిషికి ఫ్రెయిల్ అనండి."

నా మాట గదుల మధ్య తెర దాటగానే ఆయన మాట అయిపోయింది.

"వాహ్ సాబ్! మా ఉర్దూల నాజూక్ అన్నట్టు," అన్నాడు పీర్ మహమ్మద్ అనే గుమాస్తా. "జెర వాడుక సుత చెప్పుండ్రి."

డెలికేట్ హెల్త్, డెలికేట్ మ్యాటర్ అంటూ నా కాగితంలోవి ఆయన గంభీరంగా చదువుతున్నాడు. "నెమ్మదే పిల్లా, ఎంత మొరటు చేతులే నీవి," అని మా అత్తగారు కాంతమణమ్మ మూలిగింది. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. రోజుకు ఆరుసార్లు ఎత్తి దించాలి.

ఆ శనివారం మోండా మార్కెట్లో రెండు చేతుల్లో రెండు సంచులతో వస్తుంటే మేబెల్ ఎదురైంది. ఇక్కడి ఆడపిల్లల మిషన్ బడిలో టీచరు, మా చర్చి మనిషే. నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏందీ, గింత బరువు నువ్వే మోస్తున్నవా? నీ పాణం మంచిగ లేదన్నరు గద!"

"ఎవరన్నారు?"

"మీ ఆయనే. ఎండాకాలంల డోరా టీచర్ కొలువిడిస్తే, నీకిద్దామని మా బడి నడిపే దొరసానమ్మ మీ ఇంటికి చిట్టీ రాసింది. మీ ఆయన జవాబు నేనే చదివిన. 'మై వైఫ్ ఈజ్ డెలికేట్' అని రాసిండు. ఎరుక లేదా నీకు?"

లేదు. నాకప్పుడు ఎరుకైంది. మే నెలలో ఒక ఆదివారం, నేను రోట్లో పప్పు రుబ్బుతుంటే, ఆయన బల్ల దగ్గర కలం పట్టుకుని అడిగాడు, "డెలికేట్‌లో ఎల్ తర్వాత ఈ వస్తుందా, ఐ వస్తుందా?" అని. ఐ అని చెప్పాను. తప్పు రాస్తే ఆఫీసులో నవ్వుతారేమోనని ఒక్కో అక్షరం విడమరిచి మరీ చెప్పాను. నా నోటికి తాళం వేస్తూ, ఆ తాళం ఎటు తిప్పాలో నన్నే అడిగాడన్నమాట. ఇంటికొచ్చేదాకా సంచుల బరువు తెలియలేదు.

అడిగితే ఆయన తడబడలేదు.

"అందులో తప్పేముంది? ఇంగ్లీషులో ఆడవాళ్ళను డెలికేట్ అనడం మర్యాద. పంపనని రాస్తే బాగుంటుందా?"

"ఎందుకు పంపరు?"

"అమ్మనెవరు ఎత్తుతారు? నాకు నడుం నొప్పి. ఆ బలం ఈ ఇంట్లో నీ ఒక్కదానికే ఉంది."

ఆ మాట అన్నందుకు ఆయనకు నవ్వు కూడా రాలేదు. మంచం మీంచి అత్తగారు ఏడుపు మొదలుపెట్టింది. "నువ్వు పోతే నా గతేమిటే?" అని. ఆమెది దొంగ ఏడుపు కాదు. భయం. ఆ భయం చూసే నాలుగేళ్ళుగా నోరు మూసుకున్నాను. ఈసారి దగ్గరికెళ్ళి కన్నీళ్ళు తుడిచాను గానీ, పోనని మాత్రం అనలేదు.

సోమవారం బడికి వెళ్ళాను. దొరసానమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఆ ఉద్యోగం జూన్‌లోనే వేరొకరికి ఇచ్చేశామంది. మౌలాలి రైల్వే కాలనీలో చిన్న బడి ఉందనీ, ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలనీ, రోజూ రైల్లో వెళ్ళిరావాలనీ చెప్పింది. "నీ ఆరోగ్యానికి కష్టమేమో," అంది.

"నా భర్త రాసింది అబద్ధమండీ," అన్నాను. ఆయన గురించి పరాయివాళ్ళ దగ్గర నేనన్న మొదటి మాట అది. ఆమె ముందుకు జరిపిన ఉద్యోగం కాగితం మీద సంతకం చేశాను.

ఇంట్లో చెప్పాను. "పొద్దునా సాయంత్రం అత్తయ్యను నేను చూసుకుంటాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తారుగా, మీరు లేపండి." ఆ సాయంత్రం ఆయన గుమాస్తాల ముందు పాఠం సగంలో ఆపి, తలనొప్పి అన్నాడు.

బుధవారం ఉదయం నేను చెప్పులేసుకుంటుంటే వెనకాల వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"అమ్మని లేపాలంటే... ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు.

నేను రోజుకు ఆరుసార్లు ఆమెను ఎత్తే ఆ గదిలోనే, నాలుగేళ్ళుగా ఆయన కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"చంకల కింద," అని చెప్పి, గడప దాటాను.