రామి పుట్టింటి చీర

మా తోడికోడలు రామికి దేవుడే తండ్రి అని చెప్పిన పాస్టరు మీద నాకు మొదటినుంచీ మంటగానే ఉండేది. ఉన్న తండ్రి ఏం తక్కువ చేశాడని? ఘనపూర్ దగ్గరి తండాలో ఆయన బతికున్నన్నాళ్లూ కూతురికి తీజ్ పండుగకు బట్టలు పెట్టి పంపినవాడే. ఆయన పోయాక ఆమె అన్న టీక్యా కూడా ఆ మర్యాద తప్పలేదు. రామి బాప్తిస్మం తీసుకున్న ఏడాదే అన్నీ తెగిపోయాయి. ఇక తన గడప తొక్కొద్దని టీక్యా కబురు పెట్టాడు. అప్పుడు తిట్టింది నేను, ఏడ్చింది ఆమె.

ఆమెను చర్చికి తీసుకెళ్లింది కొమురమ్మ. పెద్దవంగర మాదిగవాడ మనిషి, పత్తి ఏరడానికీ నాట్లకూ మాతోపాటే వచ్చేది. మా తండావాళ్లు ఆ వాడలో మంచినీళ్లు కూడా ముట్టరు. మమ్మల్ని ఎవరు ముట్టరో మాకు తెలుసు, మేం ఎవరిని ముట్టమో ఇంకా బాగా తెలుసు. రామి మాత్రం కొమురమ్మ ఇంట్లో అన్నం తిని నవ్వుకుంటూ వచ్చేది.

"నేను దేవుని బిడ్డను సుజాతా, ఆమె గూడ. అక్కచెల్లెండ్ల నడుమ గీ ముట్టుడేంది?" అనేది.

"నీ తండ్రికి గంతమంది పిల్లలైతే పేర్లన్న గుర్తుంటయా అక్కా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ దేవుని బిడ్డకే గర్భసంచిలో క్యాన్సర్ పుట్టింది. వరంగల్ దవాఖానలో కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలుపెట్టారు. సగం అయ్యేసరికి సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు, రోడ్ల మీద వంటావార్పులు. నేనూ చౌరస్తాలో పొయ్యి పెట్టి జై తెలంగాణ అన్నదాన్నే. రామి కూడా నొప్పి పంటి బిగువున పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "మన రాజ్యం మనకు రావాలె గద," అంది. అందరూ సమ్మె చేశారు, ఒక్క ఆమె జబ్బు తప్ప. చివరికి ఎలాగో ఆటోలో తీసుకెళితే డాక్టరు చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది ఒక్కటే. "మా అన్నకు ఫోన్ చెయ్. నా చీర తెమ్మను."

మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది కప్పేదాకా పాడె లేవదు. తెచ్చేవాళ్లు లేకపోతే దిక్కులేని పీనుగ అంటారు, ఆ మాట కన్నపిల్లల మీద కూడా పడుతుంది. రామికి చావంటే అంత భయం లేదు. ఆ మాటంటేనే భయం.

ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరు ఈ సంగతి విని మెత్తగా మందలించాడు. "అవన్నీ పాత ఆచారాలమ్మా. దేవుని బిడ్డకు చీరతోటి ఏం పని?"

"బిడ్డ అన్నంక తండ్రి ఇంటి చీర ఉండద్దా అయ్యగారూ?"

ఆయన బైబిల్ మూసి లేచి వెళ్లిపోయాడు. మొదటిసారి ఆయన మీద నాకు జాలేసింది.

టీక్యాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. చెల్లెలి గొంతు వింటే కరగకపోతాడా అనుకున్నాను.

"అన్నా, పానం ఆగేటట్టు లేదు. ఒక్కసారి రా," అంది రామి.

"తండ్రిని మార్చుకున్నవు గద. చీర గా తండ్రినే తెమ్మను," అని పెట్టేశాడు.

వాడి నోట్లో మన్ను పడ అని తిట్టాను. రామి కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంటే, పోయిందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"మా అన్న అన్నది నిజమే," అంది ఉన్నట్టుండి. "కొమురమ్మక్కను పిలువు."

కొమురమ్మ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. రామి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా పుట్టిల్లు మీరే. చీర నువ్వు తేవాలె."

కొమురమ్మ ముఖం పాలిపోయింది. "మా వాడ చీర మీ తండల కప్పనిస్తరా చెల్లె? మమ్ముల తరిమి కొడ్తరు. నిన్ను గూడ ఆగం చేస్తరు."

"మరి ఆదివారం ఆదివారం మనమంత ఒక్క తండ్రి బిడ్డలమని పాడింది ఉత్తదేనా?"

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఈమె కూడా ఇంతేలే అనుకున్నాను. రామి అలా అనుకోలేదు. "వస్తది," అంది. ఆ తర్వాత ఆమె నోట మూలుగులే తప్ప మాటలు రాలేదు. మధ్యమధ్య "తండ్రీ" అన్నట్టు మాత్రం వినబడేది. మర్నాడు పొద్దున పోయింది.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాం. మా తండా నాయక్ రాంజీ వచ్చి కూర్చున్నాడు. "పుట్టింటోళ్లు రాకుంట ఎట్ల లేపుతం?" అన్నాడు. ఎండ వాకిట్లోకి వచ్చింది, ఈగలు ముసురుతున్నాయి. రామి భర్త తావుర్యా, చర్చి మొహం ఎన్నడూ చూడని మా బావ, గోడకు ఆనుకుని తల దించుకున్నాడు. ఎవరో మెల్లగా ఆ మాట అననే అన్నారు, దిక్కులేని పీనుగ అని. నేను అరిచి నోరు మూయించాను. ఎన్ని నోళ్లని మూయించగలను?

మధ్యాహ్నం దాటాక కొమురమ్మ వచ్చింది. వెనకాల వాడ ఆడవాళ్లు. ఆమె చేతిలో మడత విప్పని చీర, కాళ్లకు పిక్కల దాకా దుమ్ము. రాంజీ లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఎవరు మీరు? గిక్కడేం పని?"

కొమురమ్మ చీరను ముందుకు చాపింది. "పుట్టింటోళ్లం," అంది.

ఎవరో కర్ర అందుకున్నారు. రాంజీ మా బావ వైపు తిరిగాడు. "తావుర్యా, నువ్వు చెప్పు. వీళ్లు నీకేమైతరు? వీళ్ల చీర కప్పినవంటే పాడెకు మా భుజం ఉండది. రేపు నీ పిల్లలకు సంబంధాలు గూడ ఉండయి."

బావ లేచాడు. రామి ముఖం వైపు చూసి, కొమురమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆమెను పేరు పెట్టే పిలిచిన మనిషి.

"ఇంత ఆలిశం చేసిన్రేంది వదినె? నీ చెల్లె పొద్దుగాల నుంచి ఎదురుచూస్తున్నది."

కొమురమ్మ అక్కడే కూలబడి, సొంత చెల్లెలు పోయినట్టే గొంతెత్తి ఏడ్చింది. "ఏం జెయ్యను మరిదీ, సమ్మెకు దుకాన్లన్ని బందున్నయి. కొత్తదే కప్పాలెనని తొర్రూరు దాకా నడిచి పోయినం."

రాంజీ తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. మగవాళ్లంతా ఆయన వెంటే పోయారు. కొమురమ్మ మడత విప్పి చీర రామి మీద కప్పింది. పాడె ముందు ఒక పక్క బావ ఎత్తుకున్నాడు, రెండో పక్క కొమురమ్మ. వెనక ఒక పక్క వాడ మనిషి ఒకామె, రెండో పక్క నేను భుజం పెట్టాం.