వదిన చెరపనన్న సాయంత్రం

నేను దర్జీని. బజారులో దొరికే బట్టలు ఒంటికి నప్పనివాళ్లే నా దగ్గరికి వస్తారు. ఒక భుజం కిందికి దిగినవారు, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవారు, రోజంతా చక్రాల కుర్చీలో ఉండేవారు. అలాంటి నూట ఎనభై మంది కొలతలకు గీసిన పేపర్ కటింగ్‌లు నా కంప్యూటర్‌లో ఉన్నాయి. పన్నెండేళ్ల పని. అవి పోతే నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ కంప్యూటర్ ఈమధ్య మొరాయిస్తోంది. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్లు బాగుచేయడమే వృత్తిగా ఉన్న మా వదినను పిలిచాను.

"పాత సిస్టమ్ మీదే కొత్తది ఎక్కించెయ్ వదినా. అప్‌గ్రేడ్ అంటారుగా!"

ఆమె కాసేపు దాన్ని కెలికి చూసింది. "ఇప్పటికే మూడుసార్లు అలా ఎక్కించారు మరిదిగారూ. పాత చెత్తంతా లోపలే ఉంది. మొత్తం చెరిపేసి కొత్తగా వేస్తాను."

నేను బింకంగా పెన్‌డ్రైవ్ తీసి ఆమె ముందు పెట్టాను. "నెలనెలా ఇందులోకి కాపీ చేస్తూనే ఉన్నా. నీకు ఏ భయమూ అక్కర్లేదు."

ఇంకొకరైతే నా మాట నమ్మి పని మొదలుపెట్టేవారు. వదిన దాన్ని తన లాప్‌టాప్‌కు తగిలించి ఒక ఫైలు తెరవబోయింది. రాలేదు. ఇంకొకటి చూసింది. అదీ అంతే.

"మీరు కాపీ చేసింది డెస్క్‌టాప్ మీది గుర్తుల్ని. ఫైల్ ఫలానా చోట ఉందని ఇవి దారి చూపిస్తాయంతే. ఫైళ్లు ఇందులో లేవు" అంది.

ఆరేళ్లుగా నేను భద్రంగా దాచింది వట్టి చిరునామాలన్నమాట! వదిన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ చిరునామాలు పట్టుకునే వెళ్లి అసలు ఫైళ్లను వెతికి, రెండు డిస్కుల్లోకి కాపీ చేసింది. అక్కడితో ఆగలేదు. ఒక్కొక్కటే తన లాప్‌టాప్‌లో తెరిచి, "ఈ గీత సరేనా? ఈ చెయ్యి ఇంతేనా?" అని నన్ను అడుగుతూ కూర్చుంది. అంత ఓపిక నాకు నా సొంత పనిలో కూడా లేదు. ఈ మనిషికి దండం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి నూట డెబ్బై తొమ్మిది తెరుచుకున్నాయి. ఒకటి రాలేదు.

నాకు నడుం పడిపోతోంది. "ఒక్కటే కదా వదినా, కానిచ్చెయ్. ఆవిణ్ణి మళ్లీ కొలుచుకుంటాలే."

"ఎవరావిడ?"

"పాటల టీచరమ్మ. నడుం వంగిపోయింది. కొలతలు తీసుకోడానికే అప్పట్లో మూడు రోజులు పట్టింది."

"ఇప్పుడు లేచి కూర్చోగలదా?"

"లేదు. ఆర్నెల్లుగా మంచం మీదే ఉంది" అన్నాను.

వదిన కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. "అయితే ఇవాళ చెరపను."

మర్నాడు పొద్దున్నే వచ్చి, నా కంప్యూటర్‌లోని డిస్కు విప్పి వేరే యంత్రానికి తగిలించి ఆ ఒక్క ఫైలునే మళ్లీ మళ్లీ చదివించింది. నాలుగోసారికి వచ్చింది. తెర మీద టీచరమ్మ వీపు గీత, నేను గీసిన వంపుతో సహా, చెక్కుచెదరకుండా కనిపించింది.

వదిన దాన్నీ ఆ రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, విప్పిన డిస్కును నా కంప్యూటర్‌లో మళ్లీ బిగించి నా వైపు చూసింది.

"చెరిపెయ్ వదినా" అన్నాను.